పెన్నీ వెలకు కావ్యము

వాల్టర్ స్కాట్ రచించిన ‘మార్మియన్’ కావ్యము 1808లో తొలిసారి అచ్చయినప్పుడు దాని వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. ఆనాటి ఇంగ్లండులో పొలము దున్ని బ్రదుకు కూలివానికి అది రెండు వారములకు మించిన కూలి. కవిత్వము చదువుట అనగా అప్పుడు గుఱ్ఱపుబండి ఉంచుకొనుట వంటిదే. అదే ‘మార్మియన్’ 1895లో లండనులో ఒక్క పెన్నీకి అమ్ముడుపోయెను. షిల్లింగునకు 12 పెన్నీల చొప్పున లెక్కించినచో అది తొలి వెలలో 378వ వంతు మాత్రమే.

ఈ పని చేసినవాడు డబ్ల్యు. టి. స్టెడ్ అను పత్రికా సంపాదకుడు. వారమున కొక చిన్న పుస్తకము చొప్పున ‘పెన్నీ పొయెట్స్’ అను వరుసను ఆయన ఆ సంవత్సరమే ప్రారంభించెను. ఇంత చౌక ఎట్లు సాధ్యమయ్యెనని అడిగినచో ఆవిరి యంత్రములను చూపుట వాడుక. 1861లో కాగితముపై పన్ను తొలగెను. 1870 నాటి విద్యాశాసనము వలన చదువరులు పెరిగిరి. ఇవన్నియు నిజమే. కాని యంత్రమెంత వేగముగా తిరిగినను, ఏ కావ్యమును ఎవరు అచ్చువేయవచ్చునో నిర్ణయించునది శాసనము. అసలు రహస్యము అచ్చట నున్నది.

స్టెడ్ వరుసలో మొదటి పుస్తకము మెకాలే వ్రాసిన ‘లేస్ ఆఫ్ ఏన్షెంట్ రోమ్’. 1835 నాటి విద్యానివేదికలో భారతీయ వాఙ్మయమును తృణీకరించిన మెకాలేయే ఈయన. ఆ అపచారము మఱువదగినది కాదు. కాని వేఱొక విషయమున ఆయన సామాన్య పాఠకుని పక్షమున నిలిచెను. గ్రంథస్వామ్యము రచయిత మరణానంతరము అరువది యేండ్లు సాగవలెనని టాల్ఫోర్డ్ 1841లో పార్లమెంటున కోరెను. వర్డ్స్‌వర్త్ వంటి మహాకవి టాల్ఫోర్డ్ ప్రయత్నమును బలపఱచెను. మెకాలే దానిని ఎదిర్చెను. రచయితకు ప్రతిఫలము ఇయ్యవలసినదే గాని, అది పాఠకునిపై వేసిన పన్ను గనుక అవసరమునకు మించి సాగరాదని ఆయన వాదము. టాల్ఫోర్డ్ బిల్లు వీగిపోయెను. 1842 శాసనము ప్రచురణ నుండి 42 ఏండ్లు గాని, మరణానంతరము 7 ఏండ్లు గాని, ఏది ఎక్కువయో దానినే గడువుగా నిర్ణయించెను.

మెకాలే కావ్యము వెలువడినది ఆ 1842లోనే. ఆయన 1859లో మరణించెను. శాసనము ప్రకారము 1884 నాటికి అది సర్వజనుల సొత్తయ్యెను. టాల్ఫోర్డ్ మాట నెగ్గియుండినచో 1919 వఱకు దానిని స్వేచ్ఛగా అచ్చువేయు వీలు ఎవరికిని లేకపోయెడిది. పెన్నీ పుస్తకము ఉదారుని దానము మాత్రమే కాదు. న్యాయమైన గడువు ఫలము.

పెన్నీ పుస్తకములకు లోపములు లేకపోలేదు. అక్షరములు చిన్నవి, దీర్ఘకావ్యములు కొన్ని కుదింపబడెను. కలవానికి కావ్యమంతయు, లేనివానికి ముక్కయు చాలునను భావము గౌరవప్రదమైనది కాదు. అయినను ముక్కను రుచిచూచినవాడే పూర్ణకావ్యమును వెదకికొనును; అసలు చూడనివాడు దేనిని వెదకును?

ఈ కథ ఆంగ్లేయులతో ముగియలేదు. భారతదేశమున 1957 శాసనము మరణానంతర గడువును 50 ఏండ్లుగా నిర్ణయింపగా, 1992లో అది 60 ఏండ్లయ్యెను. మెకాలే వలదన్న గడువే నేడు తెలుగు కవికిని వర్తించుచున్నది. కవి గతించును, పుస్తకము అంగడిలో కరవగును, హక్కు నలుగురు వారసులకు, పదుగురు మనుమలకు పంపకమగును. అచ్చువేయ బూనినవానికి ఎవరిని అడుగవలెనో తెలియదు. గ్రంథాలయములో చెదలు మిగిల్చిన ప్రతియే దిక్కు. అట్టి హక్కు వారసునికి అన్నము పెట్టదు, పాఠకునికి పద్యము పెట్టదు.

కవి బ్రదికినంత కాలము, అటుపై బిడ్డలు ఎదుగువఱకు కావ్యము ఆ యింటికి ఆధారము కావలెను. పిమ్మట అది ఊరి చెఱువువలె అందఱిది కావలెను. చెఱువునకు కంచె వేసి దానిని కాపాడితిమనుకొనుట, దప్పిగొన్నవానిని మఱచుటయే.