స్టేషన్ గుమ్మంలోనే విమానాశ్రయం!

రాత్రి పదిన్నరకు విమానం. గడియారం ఆరు దాటింది. మూడు పెట్టెలు, రెండు చేసంచులు, నిద్రమొహంతో ఓ పిల్లాడు, మోకాళ్ల నొప్పులతో నాయనమ్మ... కౌలాలంపూర్ సెంట్రల్ స్టేషన్ నడిమధ్యలో నిలబడి బోర్డుల వంక చూస్తోంది ఓ తెలుగు కుటుంబం. వేసవి సెలవుల్లో అక్కడ ఇలాంటి దృశ్యం వింతేమీ కాదు. ఏ రైలెక్కాలి, ఎక్కడ దిగాలి అన్నది నాన్న కంగారు. ఇంతమందికి టికెట్లు కొనే బదులు ట్యాక్సీ మాట్లాడుకుంటే పోలేదా అన్నది అమ్మ లెక్క. ఈ చక్రాల మెట్లు ఎక్కడం తన వల్ల కాదు, లిఫ్టు ఎక్కడుందో చూడమంటుంది నాయనమ్మ.

ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. సింగపూర్, మలేసియా యాత్ర ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లకీ అందుబాటులోకి వచ్చింది. ఏజెంటుతో కాకుండా సొంతంగా వెళ్లేవాళ్లూ పెరిగారు. వాళ్లందరూ ఒక్కసారైనా అడుగుపెట్టే చోటు ఈ స్టేషన్. దాని తీరు తెలిస్తే ప్రయాణం హాయి. తెలియకపోతే విమానమే తప్పిపోవచ్చు!

ఇటుక బట్టీల పేట

స్టేషన్ ఉన్న పేట పేరు బ్రిక్‌ఫీల్డ్స్. 1881లో కౌలాలంపూర్‌లో అగ్నిప్రమాదం, వరద వెంటవెంటనే వచ్చి కర్రతో, తాటాకులతో కట్టిన ఊరిని ఊడ్చేశాయి. ఇకమీదట ఇటుకలతోనే కట్టాలన్నారు పాలకులు. ఆ ఇటుకలు కాల్చిన చోటే బ్రిక్‌ఫీల్డ్స్. తర్వాత అక్కడికి రైల్వే యార్డు వచ్చింది. రైల్వే కొలువుల కోసం భారతదేశం నుంచి, సిలోన్ నుంచి వచ్చినవాళ్లు చుట్టుపక్కల స్థిరపడ్డారు. అందుకే స్టేషన్ దాటి నాలుగడుగులు వేస్తే ఇడ్లీ సాంబారు, మల్లెపూల దండలు, చీరల దుకాణాలు ఎదురవుతాయి. 2010 అక్టోబరులో అప్పటి మన ప్రధాని మన్మోహన్ సింగ్, మలేసియా ప్రధాని నజీబ్ రజాక్ కలిసి ఆ వీధిని 'లిటిల్ ఇండియా'గా ప్రారంభించారు. సాంచీ తోరణాన్ని పోలిన ద్వారం 2015లో వచ్చింది.

అంతకుముందు నగరానికి పెద్ద స్టేషన్ వేరే ఉండేది. గుమ్మటాలతో, తోరణాలతో నవాబుల కోటలా ఉండే ఆ భవనాన్ని 1910లో కట్టారు. ఇప్పటికీ అక్కడ లోకల్ రైళ్లు ఆగుతాయి. కానీ పెరిగిన నగరానికి అది చాల్లేదు. బ్రిక్‌ఫీల్డ్స్‌లోని 72 ఎకరాల పాత యార్డు స్థలంలో కొత్త స్టేషన్ కట్టి, 2001 ఏప్రిల్‌లో తెరిచారు.

57 కిలోమీటర్లు... 28 నిమిషాలు

విశేషమేమిటంటే, కొత్త స్టేషన్‌నూ, కొత్త విమానాశ్రయాన్నీ రూపుదిద్దింది ఒకే శిల్పి. జపాన్‌కు చెందిన కిషో కురొకవా. సెపాంగ్‌లో ఆయిల్‌పామ్ తోటల మధ్య కట్టిన విమానాశ్రయం 1998 జూన్‌లో మొదలైంది. కానీ ఊరికి అంత దూరాన కట్టిన విమానాశ్రయానికి తొలి నాలుగేళ్లూ నేరుగా రైలు లేదు. రోడ్డు మార్గమే గతి. 2002 ఏప్రిల్‌లో కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్ వచ్చాక ఆ బెడద తీరింది. 57 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకుంటూ 28 నిమిషాల్లో దాటేస్తుంది. మధ్యలో ఎక్కడా ఆగదు. దాదాపు విజయవాడ నుంచి ఏలూరు వెళ్లినంత దూరమన్నమాట!

అదే పట్టాల మీద ఇంకో రైలు కూడా తిరుగుతుంది. దాని పేరు కేఎల్ఐఏ ట్రాన్సిట్. ఇది బందర్ తాసిక్ సెలాతన్, పుత్రజయ, సలాక్ తింగీ స్టేషన్లలో ఆగుతూ వెళ్తుంది. కాబట్టి ఏడెనిమిది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ప్రభుత్వ కార్యాలయాలున్న పుత్రజయ చూడాలన్నా, దూరప్రాంతాల బస్సులాగే తాసిక్ సెలాతన్ బస్‌స్టేషన్‌కు వెళ్లాలన్నా ఇదే ఎక్కాలి. మలక్కా నుంచి బస్సులో వచ్చి విమానం అందుకునేవాళ్లు సెంట్రల్ దాకా రానక్కర్లేదు. తాసిక్ సెలాతన్‌లోనే రైలు మారితే సరి. సెంట్రల్‌లో ఈ రెండు రైళ్లకూ గేట్లు వేర్వేరు. టికెట్ కొనేటప్పుడే చూసుకోవాలి.

ఒకటా... రెండా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. విమానాశ్రయం ఒకటే అయినా టెర్మినళ్లు రెండు. రైలు ముందు టెర్మినల్ 1 దగ్గర ఆగుతుంది. మలేసియా ఎయిర్‌లైన్స్ ప్రయాణికులు దిగాల్సింది అక్కడే. తర్వాత టెర్మినల్ 2కు వెళ్తుంది. ఎయిర్ఏషియా ప్రయాణికులు అక్కడ దిగాలి. సెంట్రల్ నుంచి అక్కడికి 33 నిమిషాలు. జనం లేస్తున్నారు కదా అని మొదటి స్టాపులోనే దిగిపోతే, మళ్లీ ఇంకో రైలు కోసం ఎదురుచూడాలి. రెండింటి మధ్య ప్రయాణం మూడు నిమిషాలే. కానీ ఆ రైలు వచ్చేదాకా నిలబడటం, పెట్టెలు మళ్లీ ఎక్కించడం, దించడం... సమయం చేతిలో లేనప్పుడు ఆ పావుగంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఇంట్లోంచి బయల్దేరే ముందే టికెట్ మీద టెర్మినల్ నంబరు చూసి ఓ కాగితం మీద పెద్దక్షరాలతో రాసుకోవడం మేలు.

అసలు టెర్మినల్ 2కు రైలు రావడమే ఆలస్యంగా జరిగింది. 2006లో చవక విమానాల కోసం ఓ చిన్న టెర్మినల్ కట్టారు. దానికి రైలు లేదు. తక్కువ ధరకు టికెట్ కొన్నవాళ్లు రైల్లో సలాక్ తింగీ దాకా వచ్చి, అక్కడ బస్సు మారాల్సివచ్చేది. లేదంటే సెంట్రల్ నుంచే బస్సు. విమానంలో మిగిలిన డబ్బు సంగతేమో గానీ, శ్రమ రెట్టింపు అయ్యేది. 2014 మేలో కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు పట్టాలను అక్కడిదాకా పొడిగించాక గానీ ఆ తిప్పలు తప్పలేదు.

నలుగురైతే లెక్క వేరు

ఇక అమ్మ లెక్క చూద్దాం. 2002లో 35 రింగిట్లతో మొదలైన ఎక్స్‌ప్రెస్ టికెట్‌ను 2016 జనవరి 1న 55 చేశారు. ఆ ధరకు నలుగురు పెద్దవాళ్లుంటే 220 రింగిట్లు. పిల్లలకు తక్కువే అయినా, ఇంటిల్లిపాదికీ కలిపి చూస్తే ట్యాక్సీయే చవకవుతుంది. ఒంటరిగానో, ఇద్దరుగానో వెళ్లేవాళ్లకు మాత్రం రైలు బేరం బాగుంటుంది. స్టేషన్ కింది అంతస్తు నుంచి విమానాశ్రయానికి బస్సులూ ఉన్నాయి. రైలు టికెట్‌లో చిన్న వంతు పెడితే చాలు. కాకపోతే గంట, గంటంపావు పడుతుంది.

అయితే ట్యాక్సీకీ, బస్సుకీ లేని సుగుణం ఒకటి రైలుకు ఉంది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, అందులోనూ వాన పడితే, కౌలాలంపూర్ రోడ్లు ఎక్కడికక్కడ బిగుసుకుపోతాయి. రైలుకు ఆ గొడవ లేదు. పగటిపూట, చేతినిండా సమయం ఉంటే బస్సో, ట్యాక్సీయో మంచిదే. సాయంత్రం ఆరింటికైతే మాత్రం రైలుకే ఓటేయాలి. తెల్లవారుజామున విమానమైతే లెక్క మళ్లీ మారుతుంది. రైళ్లు రాత్రంతా నడవవు. మొదటి రైలు ఎన్నింటికో ముందురోజే కనుక్కోవాలి.

వెనక నుంచి లెక్కపెట్టాలి

పదిన్నరకు విమానమైతే ఎన్నింటికి కదలాలి? చాలా అంతర్జాతీయ విమానాలకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు. వరసలూ, తనిఖీలూ కలుపుకుని మూడు గంటల ముందు... అంటే ఏడున్నరకు అక్కడ ఉండాలి. రైల్లో అరగంట. రైలు కోసం ఓ ఇరవై నిమిషాలు. స్టేషన్‌లో గేటు వెతుక్కోవడానికి ఇంకో పది. ఆరున్నరకల్లా సెంట్రల్‌లో ఉంటే నిశ్చింత. టెర్మినల్ 1లో చాలా అంతర్జాతీయ విమానాలకు తనిఖీలయ్యాక మరో భవనానికి వెళ్లాలి. అక్కడికి తీసుకెళ్లే చిన్న రైలు 2023 మార్చిలో ఆగిపోయి, 2025 జూలై 1న గానీ మళ్లీ కదల్లేదు. అన్నాళ్లూ బస్సులే దిక్కు. రైలు దిగగానే విమానం ఎక్కేసినట్టు కాదని గుర్తుంచుకోవాలి.

పేరు ఒకటే... దారి వేరు

అంత పెద్ద స్టేషన్‌కీ ఓ వెలితి ఉండేది. 2003లో వచ్చిన మోనోరైలు తన చివరి స్టేషన్‌కు 'కేఎల్ సెంట్రల్' అనే పేరు పెట్టుకుంది. తీరా దిగి చూస్తే అసలు స్టేషన్ రోడ్డుకు అవతల! ఎండలో, వానలో పెట్టెలు లాక్కుంటూ నడవాల్సిందే. 2014లో మధ్యలో ఓ పెద్ద మాల్ తెరిచాక, దాని లోపలి నుంచి దారి ఏర్పడింది. 2017లో వచ్చిన మెట్రో స్టేషన్‌కు మాత్రం మొదటి నుంచే నడకదారి వేశారు. ఈరోజు సెంట్రల్ నుంచి జంట టవర్లకు ఒక రైలు, బతు గుహల మురుగన్ గుడికి మరో రైలు మారకుండా వెళ్తాయి.

వందల కోట్లు పెట్టి కట్టిన రైలు మార్గం విలువను చివరి రెండు వందల మీటర్లే తేలుస్తాయి. పెట్టె చక్రం మీద దొర్లుతూ పోయిందా, చేత్తో మోయాల్సివచ్చిందా? నాయనమ్మకు లిఫ్టు దొరికిందా? సామాన్యుడు వేసే మార్కులన్నీ వీటికే.

హైదరాబాద్ సంగతికొస్తే, శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది. 2017 నవంబరులో మెట్రో వచ్చినా అక్కడిదాకా వెళ్లలేదు. రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి మెట్రో కోసం 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. ఆ మార్గాన్ని పక్కనపెట్టి నాగోలు, ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా వేరే దారి ప్రతిపాదించారు. కౌలాలంపూర్ నాలుగేళ్లు ఆగింది. మన నిరీక్షణ అంతకన్నా చాలా పెద్దది. ఎప్పుడు వచ్చినా సికింద్రాబాద్‌లో రైలు దిగిన మనిషి పెట్టె మోయకుండా అందులోకి మారగలగాలి. కోరుకోవాల్సింది అదే.

అన్నట్టు, బోర్డుల కింద నిలబడ్డ ఆ కుటుంబం చివరికి రైలే ఎక్కింది. పెట్టెలు అరలో సర్ది, కిటికీ పక్కన నాయనమ్మను కూర్చోబెట్టారు. ఆయిల్‌పామ్ తోటలు వెనక్కి పరిగెడుతుంటే ఆవిడ కాళ్లు చాపుకుని అడిగింది... "మనూళ్లో దిగాక కూడా ఇట్లాంటిదే ఉంటుందిరా?"

"లేదమ్మా, బస్సే" అన్నాడు కొడుకు.

"అయితే మోకాళ్లకు పట్టీ అందులోంచి తీసి పైన పెట్టు" అందావిడ.