అడిగేవారు లేని సొమ్ము

ఇంటి పెద్ద కన్నుమూసిన తరువాత ఆయన సొమ్ము ఏ బ్యాంకులో ఉన్నదో కుటుంబానికి తెలియకపోవడం ఈ దేశంలో అరుదేమీ కాదు. దాచిన డబ్బు సంగతి భార్యకైనా చెప్పని గృహస్థులు కొల్లలు. పదేళ్లపాటు లావాదేవీలు లేని ఖాతాలోని నిల్వ, గడువు తీరి పదేళ్లయినా ఎవరూ అడగని డిపాజిట్టు, రిజర్వు బ్యాంకు 2014లో నెలకొల్పిన ప్రత్యేక నిధికి తరలిపోతాయి. 2023 ఫిబ్రవరి నాటికి ప్రభుత్వరంగ బ్యాంకులు ఇలా అప్పగించిన మొత్తమే సుమారు 35 వేల కోట్ల రూపాయలు! అంతమాత్రాన వారసుల హక్కు పోదు. వారు ఎప్పుడు వచ్చి అడిగినా బ్యాంకు చెల్లించి, ఆ మొత్తాన్ని నిధి నుంచి రాబట్టుకోవలసిందే.

ఆచూకీ కోసం 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు 'ఉద్గమ్' పోర్టల్‌ను ప్రారంభించింది. మొదట ఏడు బ్యాంకులతో మొదలై, 2024 మార్చికి 30 బ్యాంకులకు విస్తరించింది. మృతుని పేరుతోపాటు పాన్, ఓటరు కార్డు, పుట్టిన తేదీ వంటి ఆధారం ఒకటి ఇవ్వాలి. అక్కడ దొరికేది ఆచూకీ మాత్రమే. సొమ్ముకోసం సంబంధిత బ్యాంకుకే వెళ్లాలి. తెలుగువారికి ఇందులో వేరే చిక్కు ఉంది. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, మరో కాగితంలో పూర్తిగా ఉంటుంది. ఇంగ్లీషు వర్ణక్రమం సంగతి చెప్పనక్కరలేదు. పేరును నాలుగు విధాల రాసి వెతకడమే శరణ్యం.

నామినీగా పేరున్నంత మాత్రాన సొమ్ము తనదేననుకోవడం మరో అపోహ. నామినీ సొమ్ము స్వీకరించే ధర్మకర్త మాత్రమేననీ, యాజమాన్యం వారసత్వ చట్టం ప్రకారమే నిర్ణయమవుతుందనీ సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. అన్నదమ్ముల తగవులు అనేకం ఇక్కడే మొదలవుతాయి. నామినీ పేరు లేకపోతే వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టు చుట్టూ తిరగడం పేద కుటుంబాలకు శక్తికి మించిన పని. అందుకే వివాదం లేని పక్షంలో వాణిజ్య బ్యాంకులు 15 లక్షల రూపాయల వరకు సరళ పద్ధతిలో చెల్లించాలనీ, పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో పరిష్కరించాలనీ 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించడం సముచితం.

అయితే వెతికే భారమంతా వారసులదేనా? ఖాతాదారు జాడ తెలియనప్పుడు నామినీని సంప్రదించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. ఏ శాఖ ఎందరు నామినీలకు లేఖలు రాసిందో, ఎందరికి సొమ్ము చేరిందో ఏటా ప్రకటించమని బ్యాంకులను నిలదీయవలసిన బాధ్యత రిజర్వు బ్యాంకుదే.