కుంపటి ఊచలకు పట్టిన జిడ్డు

కనుమ సందడి అయిపోయింది. పిల్లలు బస్సెక్కారు. అమ్మయ్య అనుకుని పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, గోడవార జిడ్డోడుతూ కుంపటి! దాని మీద ఊచల జాలీకి మాంసం ముక్కలు, మసాలా, నూనె కలిసి అట్టకట్టుకు పోయి ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఇదే వరసా? అయితే ఈ వారం మన కబుర్లు దాని గురించే.

ఇదివరకు మా కొమరోలు ఇంట్లో పాలు కాగాలన్నా, పచ్చడికి వంకాయ కాలాలన్నా కుంపటే దిక్కు. 1999లో దీపం పథకం మొదలై ఊళ్ళలోకి గ్యాసు పొయ్యిలు వచ్చాక మెల్లగా అటకెక్కింది. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు దానికి ‘బార్బెక్యూ’ అని పేరు మార్చి మళ్ళీ కిందికి దింపారు. కాల్చేది వాళ్ళు, తోమేది మనం! సరే, ఆ పంచాయితీ ఇంకో వారం పెట్టుకుందాం.

సగం పని వేడి మీదే అయిపోవాలండీ. ఆఖరి వాయి దించాక, బొగ్గులు కణకణలాడుతుండగానే జాలీని ఓ పది నిమిషాలు ఖాళీగా వదిలేయండి. అంటుకున్నదంతా మాడి పెళుసెక్కుతుంది. అప్పుడు ఎర్రగడ్డను (అదేనండీ, ఉల్లిపాయను) అడ్డంగా కోసి, పొడుగాటి పట్టకారుతో పట్టుకుని ఊచల వెంట రుద్దితే చాలావరకు రాలిపోతుంది. తొందరపడి చెంబెడు చన్నీళ్ళు మాత్రం గుమ్మరించకండి. ఆవిరి చేతుల మీదికి తన్నుతుంది. పోత ఇనుమైతే పగిలినా పగలొచ్చు.

చల్లారాక మిగిలిన జిడ్డుకు మన అమ్మమ్మల మందే మందు. కట్టెల బూడిద జల్లించి, తడిపి, ముద్దగా పట్టించి అరగంట ఉంచండి. బూడిదలో క్షారముంటుంది, అది కొవ్వుతో కలిసి సబ్బులా మారి ఊడివస్తుంది. కొబ్బరి పీచుతో తోమండి. అప్పటికీ వదలకపోతే పాత ప్లాస్టిక్ తొట్టిలో వేడినీళ్ళు పోసి, గుప్పెడు వాషింగ్ సోడా కలిపి జాలీని రాత్రంతా నానబెట్టండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, సోడా అయినా బూడిద అయినా చర్మాన్ని కొరికేస్తుంది. అల్యూమినియం సామానును మాత్రం ఆ తొట్టిలో వేయకండి, నల్లబడి గుంటలు పడుతుంది.

మా వైపు బోరు నీళ్ళకు సబ్బు నురగే రాదు కదా. నీళ్ళలోని సున్నపు లవణాలు సబ్బును పట్టేసి తెట్టు కట్టిస్తాయి. సోడా ఆ లవణాలను ముందే విరిచేస్తుంది కాబట్టి సబ్బు మిగులుతుంది. కుంకుడుకాయ రసమైతే ఆ బెడదే లేదు, ఉప్పునీళ్ళలోనూ నురగ ఇస్తుంది. తుప్పు పట్టిన చోట చింతపండు గుజ్జు పూసి, కాసేపాగి తోమి కడిగేసి, వెంటనే సెగ మీద ఆరబెట్టి, గుడ్డతో పల్చగా నూనె రాయండి. తడి జాలీని గోడకు ఆనించి వెళ్ళారంటే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది.

కుంపటి లోపల మట్టి మెత్తి ఉంటే నీళ్ళు తగలనివ్వకండి. పొడి చీపురుతో ఊడ్చి, పగుళ్ళలో బంకమట్టి పెడితే చాలు. అడుగున గాలాడే చిల్లులు పూడిపోకుండా పుల్లతో పొడవండి. అవి మూసుకుపోతే బొగ్గు సరిగా రాజదు, పొగ తప్ప సెగ ఉండదు.

కంచెకు వాడే తెల్లటి వలను కత్తిరించి జాలీగా పెట్టేవాళ్ళున్నారు. వద్దండి! దాని మీద జింకు పూత ఉంటుంది. గట్టి సెగకు ఆ పూత పొగలవుతుంది, పులుపు తగిలితే కరిగి తిండిలోకి దిగుతుంది.

ఇనప తీగల బ్రష్షు కూడా వద్దు. మా కోడలు ముచ్చటపడి ఒకటి తెచ్చింది. తోమినకొద్దీ వెంట్రుకంత తీగలు ఊడి ఊచలకు అంటుకుంటాయి. మరుసటిసారి అవి ముక్కతోబాటు గొంతులోకి పోతాయి. ఊరికే భయపెట్టడం లేదు. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయం వైద్యులు 2016లో ప్రచురించిన లెక్క ప్రకారం 2002 నుంచి 2014 దాకా అలాంటి తీగలవల్ల దాదాపు 1,700 మంది ఆస్పత్రి అత్యవసర విభాగాలకు వెళ్ళారట. ఆ బ్రష్షు ఇప్పుడు గేటు తుప్పు గీకడానికి పనికొస్తోంది.

ఇక బూడిద సంగతి. ఇది నేను ఇల్లు కాల్చుకోబోయి నేర్చుకున్న పాఠం. నాలుగేళ్ళ కిందట ఇలాగే పండగ మర్నాడు పొద్దున్నే కుంపటి బోర్లించి, తెల్లగా చల్లగా కనిపించిన బూడిదను ప్లాస్టిక్ తట్టలో ఎత్తి దిబ్బ మీద పోశాను. నివురు గప్పిన నిప్పు అని మాటల్లో ఎన్నిసార్లు అన్నానో, పోసేటప్పుడు గుర్తుకు రాలేదు! మధ్యాహ్నం గాలి లేచింది. దిబ్బ పక్కనే చొప్ప వామి. పక్కింటి వదిన పొగ చూసి కేకేయకపోతే కొట్టం కూడా పోయేది. నలుగురూ బిందెలతో పరుగెత్తి ఆర్పేసరికి సగం వామి బూడిదైంది. వానల్లేని ఈ మెట్ట సీమలో ఎండాకాలం ముందు గేదెలకు మేత కొనుక్కోవడమంటే మాటలా? ఆ ఏడు నా చీటీ డబ్బు వరిగడ్డికే పోయింది. మా వారు ఒక్కమాట అనలేదు, అదే ఇంకా బాధ.

బొగ్గు పైకి ఆరినట్టుండి లోపల ఒక రోజుకు పైగా రాజుకుంటూనే ఉంటుంది. అందుకే చలికి వెచ్చగా ఉంటుందని ఆరీ ఆరని కుంపటిని తలుపులు మూసిన గదిలోకి కూడా తేకండి. దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు మా పెరట్లో మూతున్న పాత రేకుడబ్బా ఒకటి, వామికి దూరంగా, బండ మీద పెట్టాను. కుంపటిలోది ఏదైనా దాంట్లోకే. మూత బిగించి రెండు రోజులు అలా వదిలేస్తాను. మూడోనాడు నీళ్ళు చల్లి, పుల్లతో కలియబెట్టి చూసుకుని, అప్పుడు దిబ్బకు.