ఫలానావారి తల్లి

పాలమూరు జిల్లా పేజీల్లో వారం తిరక్కుండా కనిపించే వార్త ఒకటుంది. ఫలానా మాజీ సర్పంచుకో మండల నాయకుడికో మాతృవియోగం. ఎమ్మెల్యే వచ్చి పటానికి పూలు వేసి దండం పెడుతున్న ఫొటో. వెంట వచ్చినవాళ్ల పేర్లు హోదాలతో సహా వరసగా ఉంటాయి. పోయినామె పేరు కోసం మాత్రం వార్త రెండుసార్లు చదవాలి, ఒక్కోసారి అసలే ఉండదు. తిమ్మాజిపేట నుంచి జడ్చర్ల దాకా రోడ్డు వెంట కట్టే దశదినకర్మ ఫ్లెక్సీలదీ ఇదే తీరు. అవ్వ ముఖం ఓ పక్క, మిగిలిన జాగా అంతా కండువాలు వేసుకున్న కొడుకులు, మనుమలు, వాళ్ల అభిమాన నాయకులు. కింద 'నిండు జీవితం గడిపి' అని ఓ మాట. దేనితో నిండిందో రాయాలని ఎవరికీ తోచదు.

తొంభై దాటి ఇప్పుడు కన్నుమూస్తున్న తరం 1930ల ముందూ వెనకా పుట్టింది. అప్పట్లో దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దరిదాపుల్లో ఉండేది. కాన్పు కాన్పుకూ గండం దాటుకుంటూ, కలరా, మశూచి ఏళ్లను తట్టుకుంటూ తొంభై దాకా రావడమే ఒక గెలుపు. ఊరు కదలకుండానే ఆ తరం అవ్వ నిజాం రాజ్యం చూసింది, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాతి హైదరాబాద్ రాష్ట్రం చూసింది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చూసింది. 2016లో జిల్లా కూడా మారి నాగర్‌కర్నూల్ అయింది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు ఈ వైపు వచ్చింది నిన్నమొన్న. అంతకుముందు బతుకంతా వానను నమ్ముకున్న జొన్న, ఆముదం చేన్లే. దేశంలో ఎక్కడ కట్ట పోసినా పాలమూరు కూలీ చెయ్యి పడిందని గర్వంగా చెప్పుకుంటాం. ఆడవాళ్లూ కొందరు గుంపు మేస్త్రీ వెంట వెళ్లి తట్టలు మోశారు. ఊళ్లో మిగిలిన ఆమె మాటేమిటి? ముసలివాళ్లకు గంజి కాచి, అప్పులవాడికి జవాబు చెప్పి, వచ్చే తొలకరికి విత్తనం మిగలాలని ఆకలేసినా గింజ ముట్టకుండా దాచిన మనిషి ఆమె. ఆ లెక్క చూసిన నేర్పుకు నేటి బ్యాంకు మేనేజర్లు కూడా సరిపోరని నా అభిప్రాయం. అది ఫ్లెక్సీలో పట్టదు.

తిమ్మాజిపేట పక్కనే ఆవంచలో ఒకే బండకు చెక్కిన గణపతి ఉంది, పాతిక అడుగుల విగ్రహం. చూసేందుకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఎత్తు కొలుస్తారు, కాలం నిర్ణయిస్తారు. రాయికి ఇంత శ్రద్ధ పెట్టగలిగినవాళ్లం మనిషి దగ్గరకు వచ్చేసరికి 'ఏం చేసి ఉంటుంది, వండింది, పెట్టింది' అనేసి లేచిపోతాం. రాజుల కథలు కాకుండా జనం తిండీ బట్టా ఆటపాటలే చరిత్ర అని నమ్మి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసిన సురవరం ప్రతాపరెడ్డిది ఈ గద్వాల నేలే. ఆ పుస్తకం 1949లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి, స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. దారి చూపినవాళ్లు లేరనడానికి వీల్లేదు. కానీ మనకు ఇప్పటికీ గుర్తుండే పెద్దామె ఎవరంటే, భర్త పోయాక గద్వాల సంస్థానాన్ని ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. గుర్తుండాల్సినావిడే, కాదనను. అయితే ఆమె పేరు నిలవడానికి సమర్థత ఒక్కటే కారణం కాదు. కాగితాల మీద, భూమి మీద ఆ పేరు ఉంది. అదే కాలంలో భర్త పోయి, నాలుగెకరాలు ఈడ్చుకొచ్చిన ఊరి విధవరాలి పేరు ఏ కాగితంలోనూ లేదు.

పెద్దవాళ్లను పేరుపెట్టి పిలవడం మన దగ్గర మర్యాద కాదు గదా అంటారు కొందరు. ఎదురుగా ఉన్నప్పుడు నిజమే. పోయాక పత్రికలో రాయడానికి ఆ మర్యాద ఎందుకు అడ్డమొస్తుంది? అదే ఇంట్లో తండ్రి పోతే ఇంటిపేరుతో సహా అచ్చవుతుందే! మనవరాలికి ఆమె పేరే పెట్టుకున్నాం, ఇంకేం కావాలి అనే మాట ఇంకొంచెం బలమైంది. నిజంగా మంచి ఆచారం. కాకపోతే పేరు మోస్తున్న పిల్లను అవ్వ గురించి అడగండి. చాలాచోట్ల 'మంచిది' అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. దుఃఖంలో ఉన్నవాళ్లను రాయమంటారా అని మూడో అభ్యంతరం. పిట్టకు పెట్టే మూడోనాటికే ఫ్లెక్సీ డిజైన్ ఖాయం చేసే తీరిక ఉన్నవాళ్లకు, ఆమె ఈడు ముసలమ్మ పక్కన ఫోను రికార్డింగు పెట్టి గంటసేపు కూర్చునే తీరిక ఉండదా? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం చిల్లర, రాష్ట్రంలో అట్టడుగు. రాయని తరం తన కథను తానే రాసుకోవాలని ఎదురుచూడటం అన్యాయం. పుట్టిన తేదీ కూడా తెలియక ఆధార్ కార్డులో జనవరి 1 వేయించుకున్న తరం అది.

అసలు సంగతి ఇంకోటి. పేరు ఎక్కడ లేదో హక్కూ అక్కడ లేదు. 2015–16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం కమతాల్లో ఆడవాళ్ల పేరిట ఉన్నవి దాదాపు 14 శాతం. పొలంలో వంగి కలుపు తీసేవాళ్లలో వాళ్ల వాటా ఎంతో ఏ ఊరి గట్టు మీద నిలబడినా కనిపిస్తుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది, కేంద్రం 2005లో చేసింది. తల్లి పేరున సొంతంగా భూమి ఉంటే, వీలునామా లేకపోతే, 1956 చట్టం ప్రకారమే అందులో కూతుళ్లకు కొడుకులతో సరిసమాన భాగం. అయినా దినాలు అయ్యీ కాకముందే విరాసత్ కాగితాలు బయటికొస్తాయి, వాటా వద్దని ఆడబిడ్డల చేత సంతకాలు పెట్టిస్తారు. చీరా సారె పెట్టి పంపిస్తారు. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కనివ్వరేమోనని వాళ్ల భయం. అమ్మ మీద అంత ప్రేమ ఉందని ఫ్లెక్సీలు కట్టిన కొడుకులు ముందు ఆ కాగితం చించెయ్యాలి. పేరు అచ్చు వెయ్యడం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.