సూది ఎర్రగీత తాకితే...

మే నెల. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారి. చిన్న కారులో అయిదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఫుల్లు. సూర్యాపేట దాటాక వేడి చూపించే సూది మెల్లగా ‘హెచ్’ వైపు జరుగుతుంది. ఎవరూ గమనించరు. ఏసీ గాలి చల్లగా రావట్లేదని వెనక సీట్లోంచి పిల్లలు అంటే, ‘ఇంకో పది కిలోమీటర్లలో హోటలుంది, అక్కడ ఆగుదాం’ అంటారు పెద్దవాళ్లు. ఆ పది కిలోమీటర్లే ఇంజిన్ని ముంచుతాయి. ఇప్పటి ఇంజిన్ల హెడ్డు అల్యూమినియంతో చేసింది. హద్దు మీరి వేడెక్కితే వంకర తిరుగుతుంది, గాస్కెట్ కాలిపోతుంది. కొన్ని కొత్త చిన్న కార్లలో సూది కూడా ఉండదు, ఎర్రదీపం మాత్రం వెలుగుతుంది. అది వెలిగిందంటే ఇక ఆలోచించడానికేమీ లేదు.

ముందు ఏసీ కట్టేయాలి. కారును రోడ్డు పక్కకు, వీలైతే నీడకు తీసుకెళ్లి ఇంజిన్ ఆపాలి. ఆగే చోటు కాస్త దూరంగా ఉంటే అందాకా హీటరును పూర్తి వేడిమీద పెట్టి, అద్దాలు దించి నెమ్మదిగా వెళ్లొచ్చు. మండుటెండలో హీటరేమిటని నవ్వుకోవద్దు. ఇంజిన్ వేడిని అది కొంత లోపలికి లాగేస్తుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంటుంది. బానెట్ ఎత్తగానే చేతిరుమాలు పట్టుకుని రేడియేటర్ మూత తిప్పేవాళ్లు ఎంతమందో! లోపలి నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత వదులవగానే ఒత్తిడి పోతుంది, నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతాయి. ముఖం, చేతులు కాలిపోతాయి. రుమాలు ఏమాత్రం అడ్డుకోలేదు. కనీసం అరగంట ఆగాలి, పిల్లల్ని బానెట్ దగ్గరికి రానివ్వకూడదు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది, కాబట్టి అక్కడ వేళ్లు పెట్టొద్దు. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించడమూ తప్పే, పగుళ్లివ్వొచ్చు.

బాగా చల్లారాక మూత తీసి చూస్తే చాలావరకు కారణం తెలుస్తుంది. నీళ్లు తగ్గాయంటే ఎక్కడో కారుతున్నట్లే. రబ్బరు గొట్టాల చివర్లు, క్లిప్పులు చూడాలి. కారు కింద తడి కనిపించినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. ఏసీ వేసినప్పుడు రంగులేని నీళ్లు కారడం మామూలే. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో జిడ్డుగా ఉంటే అది కూలెంటు. ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే మీద చల్లబడుతుంటే ఫ్యాన్‌ని అనుమానించాలి. చాలాసార్లు ఫ్యూజు మారిస్తే సరిపోతుంది. హైవే మీదా వేడెక్కుతుంటే రేడియేటర్ పూడుకుపోవడమో, నీళ్ల పంపో, థర్మోస్టాటో చూడాలి. బ్యాటరీ గుర్తున్న దీపం కూడా వెలిగితే బెల్టు తెగి ఉండొచ్చు. ఆయిల్ గేజీ తీస్తే పాలు కలిపిన కాఫీలా కనిపించిందా? నీళ్లు ఆయిల్లో కలిసినట్టే. అప్పుడిక కారును లాక్కెళ్లాల్సిందే తప్ప స్టార్టు చేయకూడదు.

థర్మోస్టాట్‌ను పీకేసి ‘ఇక వేడెక్కదు సార్’ అనే మెకానిక్కులు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. అది వైద్యం కాదు. ఇంజిన్ ఉండాల్సిన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

దారిలో తప్పనిసరైతే తాగే నీళ్లు పోసి మెకానిక్ దాకా వెళ్లొచ్చు. ఇంటి దగ్గర మాత్రం బోరు నీళ్లు పోయొద్దు. వాటిలోని లవణాలు రేడియేటర్ సన్నగొట్టాల్లో గారలా పేరుకుంటాయి. కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన కూలెంటును, చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. వారానికోసారి ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూస్తే చాలు. మూత తీయక్కర్లేదు. మిగిలిన కూలెంటును కూల్‌డ్రింకు సీసాల్లో అస్సలు దాచొద్దు. అది తియ్యగా ఉండే విషం. పిల్లలైనా, కుక్కలైనా తాగితే ప్రాణం మీదికొస్తుంది.

తాళం తిప్పితే ‘టిక్’ మని ఆగిపోవడం ఇంకో మామూలు బాధ. ఎక్కువగా బ్యాటరీదే తప్పు. టెర్మినళ్ల మీద తెల్లటి, ఆకుపచ్చటి పొడి ఉంటే ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో శుభ్రం చేయాలి. బిగించేటప్పుడు ప్లస్ ముందు.

టైర్ల గాలి కూడా ప్రయాణం మొదట్లోనే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఎంత పెట్టాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. నిండుగా ఎక్కితే ఎంతో కూడా అక్కడే రాసి ఉంటుంది. గాలి పెట్టే కుర్రాడికి డిక్కీ కూడా తీసి చూపించాలి. స్టెప్నీలో గాలి లేదన్న సంగతి పంక్చరయ్యాకే తెలిసే ఇళ్లు చాలా ఉన్నాయి.