బడితోటయు రైతుబిడ్డయు

మన గ్రామములలో బడితోట మాట యెత్తినంతనే రైతులు పలువురు నవ్వుదురు. "పారపని నేర్చుటకు మా చేలు చాలవా? మట్టిలోనుండి బయటపడవలెననియే గదా పిల్లలను బడికి పంపుచున్నాము?" అని వారి ప్రశ్న. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. దీనికి తగిన సమాధానము చెప్పక బడితోటను పొగడుట వ్యర్థమని మా యభిప్రాయము.

చేను కుటుంబమునకు జీవనాధారము. అందు పరీక్షలకు తావు తక్కువ. పంట చెడిన యప్పు మిగులును. బడిలో మడి చెడినచో పోవునది గుప్పెడు గింజలు, మిగులునది పాఠము. చేను పని నేర్పును. బడితోట ఆ పని యెందులకు చేయవలెనో నేర్పును. రెండు చిన్నమళ్లలో ఒకేనాడు బెండ విత్తి, ఒకదానికి మాగిన పశువులయెరువు వేసి, రెండవదానికి వేయక, కాయలు తూచి పుస్తకమున వ్రాసికొన్న బాలుడు ఇతరుల మాట విని నమ్మడు, తన లెక్క చూచి నమ్మును. మేము గ్రామములలో ప్రదర్శన మళ్లు వేయించినపుడు పెద్దలు చూచి తలయూపి వెళ్లుదురు. లెక్కవ్రాయువారు మాత్రము అరుదు.

మఱియొక యుదాహరణము. వంద వరిగింజలు ఒకదినము నానబెట్టి, తడిగుడ్డలో చుట్టియుంచి, యెన్ని మొలకెత్తినవో లెక్కించుట ఆఱవ తరగతి బాలికకు సైతము సాధ్యము. ధ్రువీకృత వరివిత్తనము నూటికి 80కి తక్కువ కాకుండ మొలకెత్తవలెనని నియమము కలదు. సార్వాకు ముందు ఆ బాలిక తండ్రి దాచిన విత్తనమును పరీక్షించి, "నూటికి 55 మాత్రమే మొలచినవి" అని చెప్పగలిగినచో, ఆ యింట నారుమడి చెడకుండ కాపాడినదగును. సెంటు భూమి యనగా 48.4 చదరపు గజములని కంఠస్థము చేయుటకంటె, త్రాడుపట్టి కొలిచి తెలిసికొనుట మేలు గదా!

ఈ యాలోచన క్రొత్తది కాదు. జర్మనీ దేశమున ఫ్రోబెలు పండితుడు 1840లో శిశువిద్యాలయమునకు పెట్టిన కిండర్‌గార్టెన్ అను పేరునకు పిల్లలతోట యనియే యర్థము. మన దేశమున గాంధీమహాత్ముడు 1937లో వార్ధా సభయందు చేతిపని ద్వారా విద్య గఱపవలెనని ప్రతిపాదించెను. జాకీర్ హుస్సేను గారి సంఘము దానికి పాఠక్రమము కూర్చెను. అందు వ్యవసాయము నొకటి. పిల్లల చేతిపనివలన ఉపాధ్యాయుని జీతము రావలెనన్న భాగముపై ఆనాడే విమర్శలు వచ్చినవి. ఆ విమర్శ నేటికిని గుర్తుంచుకొనదగినది. తోటనుండి రాబడి కోరరాదు.

2019లో కేంద్రప్రభుత్వము పాఠశాలలలో పోషకాహార తోటలకై మార్గదర్శకములు వెలువరించినది. మంచిదే. కాని లెక్క చూడుడు. మధ్యాహ్న భోజనమున ప్రాథమిక తరగతుల బిడ్డ కొకనికి దినమునకు 50 గ్రాముల కూర నిర్ణయింపబడినది. అరువదిమంది పిల్లలకు దినమునకు 3 కిలోలు. రెండువందల దినములకు 6 క్వింటాళ్లు. రెండు సెంట్ల మడి అంత యీయజాలదు. వారమున కొకనాడు తోటకూరయో, గోంగూరయో కుండలో పడిన చాలును. పిల్లలు తాము పెంచిన కూరను ఇష్టముతో తిందురు.

ఒకే యాజ్ఞ యన్ని బడులకు పనికిరాదు. కొల్లేటి ప్రాంతపు పల్లములలో వానకాలమున నీరు నిలుచును. వేసవిలో ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు ఎగదన్నును. అచ్చట ఎత్తుమళ్లు కట్టి, వానలు వెనుకబడిన పిదప విత్తుట మేలు. పైగా, వరిచేలు చేపలచెఱువులుగా మాఱిన గ్రామములలో పిల్లలకు పైరు కనబడుటయే తక్కువ. వారికి బడితోట మఱింత యవసరము. తాడేపల్లిగూడెము మెట్టలోని యిసుకపాటి యెఱ్ఱనేలలకు ఆకుచెత్త కప్పుటయు, తఱచు తడులును కావలెను. ఆ చెంతనే వెంకటరామన్నగూడెమున 2007లో ఏర్పడిన ఉద్యానవిశ్వవిద్యాలయము కలదు. ఉపాధ్యాయులు అచ్చటి వారిని సలహా యడుగవచ్చును.

మూడు దోషములను మాత్రము దూరముగా నుంచవలెను. తప్పుచేసిన పిల్లవానిని శిక్షగా తోటకు పంపరాదు; పంపినచో పని యవమానమని నేర్పినట్లగును. మగపిల్లలకు పార, ఆడపిల్లలకు చీపురు అను విభజన కూడదు. కులమునుబట్టి పని పంచుట అంతకంటె కూడదు. తోటలోని కూర పిల్లల కుండకే చేరవలెను గాని యే పెద్దయింటికిని కాదు.

ఇక మన సంఘముల పని. ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 1844లో సంఘము స్థాపించిన నేతపనివారు మొదలగు కార్మికులు కొన్నాళ్లకే లాభమునుండి నూటికి రెండున్నర వంతు విద్యకై ప్రత్యేకించిరి. మనము అంత చేయకున్నను, కంచెకు కొంత తీగె, ఏటేట కొంత విత్తనము ఇయ్యలేమా? బడితోట చచ్చునది యెక్కువగా వేసవి సెలవులలో. ఏప్రిల్ నెలాఖరునుండి జూన్ రెండవవారమువరకు నీరుపోయు దిక్కుండదు. ఆ దినములలో ఇద్దఱు సభ్యులు వంతులవారీగా తడి పెట్టినచో చెట్లు బ్రతుకును, పిల్లల యాశయు బ్రతుకును.

రాబోవు మహాజనసభలో ప్రతి సంఘమును ఈ విషయమున నొక తీర్మానము చేయవలెనని మా ప్రార్థన. సంవత్సరాంతమున పిల్లల లెక్కపుస్తకమును సభలో చదివింపుడు. వారు పెద్దయిన పిదప నాగలి పట్టుదురో, కలము పట్టుదురో మనకు తెలియదు. ఏది పట్టినను, చూచి, కొలిచి, లెక్కించి నమ్మువాడు మోసపోవుట యరుదు.