కన్ను అదిరితే కీడా? కండరం అదిరితే రోగమా?

కుడికన్ను అదిరితే పురుషునికి శుభమనీ, స్త్రీకి అశుభమనీ మన చుట్టూ ఉన్న సమాజంలో ఒక నమ్మకం పాతుకుపోయి ఉంది. విచారకరమైన విషయమేమంటే, అది మన ముస్లిం కుటుంబాల గడపలు కూడా దాటింది. పెళ్ళి సంబంధం మాట్లాడటానికి బయలుదేరబోతూ, కన్ను అదిరిందని ప్రయాణం మానుకునేవారు మనలోనూ ఉన్నారు. మరోవైపు చదువుకున్న యువతరం శకునాలను నమ్మదు. కాని పిక్కలో కండరం నాలుగు రోజులు అదిరితే చాలు, సెల్‌ఫోనులో వెతికి తనకు ప్రాణాంతకమైన నరాల జబ్బు వచ్చిందని నిర్ధారించుకుంటుంది. మొదటిది అజ్ఞానకాలపు భయం, రెండవది కొత్తకాలపు భయం. రెండింటికీ మూలం ఒక్కటే: ఈ అదురు ఏమిటో తెలియకపోవడం.

మన చేతుల్లో, కాళ్ళలో, ముఖంలో ఉండే కండరాలు నరాల సంకేతంతో కదులుతాయి. ఒక్కొక్క నరపు పోగు కింద కొన్ని కండరపు పోగులుంటాయి. ఆ నరపు పోగు, ముఖ్యంగా దాని కొసభాగం, మెదడు ఆజ్ఞ లేకుండానే సంకేతం వదిలితే ఆ కండరపు పోగులు క్షణకాలం ముడుచుకుంటాయి. చర్మం కింద పురుగు పాకినట్లు అనిపిస్తుంది. వైద్యులు దీనిని ఫాసిక్యులేషన్ అంటారు. ఆరోగ్యవంతులలో చాలామందికి ఇది ఎప్పుడో ఒకప్పుడు కలిగేదే. కనురెప్ప, పిక్క, తొడ, బొటనవేలి మొదలు తరచుగా అదిరే చోట్లు.

కారణాలు చాలావరకు మన దినచర్యలోనే ఉంటాయి. నిద్ర చాలకపోవడం, అతిగా శ్రమించడం, మనోవేదన, రోజంతా కప్పు మీద కప్పు చాయ్ తాగడం, కంటికి విశ్రాంతి లేకుండా ఫోను చూడటం ముఖ్యమైనవి. రమజానులో రాత్రి నిద్ర తగ్గి, ఇఫ్తార్ తరువాత నీటికి బదులు చాయ్ ఎక్కువైతే అదురు కనిపించడంలో వింత లేదు. కొందరిలో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, రక్తంలో కాల్షియం లేదా మెగ్నీషియం తగ్గడం, ఉబ్బసానికి పీల్చే కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. వీటిని రక్తపరీక్షతోనూ, వాడుతున్న మందుల వివరాలతోనూ వైద్యుడు తేల్చగలడు. ఎవరో చెప్పారని మెగ్నీషియం మాత్రలు కొని మింగడం మంచిది కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదకరం.

ఏ కారణమూ దొరకకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి అదురు కొనసాగేవారు కూడా ఉన్నారు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇటువంటి 121 మందిని దీర్ఘకాలం గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఒక్కరికి కూడా భయపడిన ఆ నరాల జబ్బు రాలేదు.

అయినా భయం వదలదు. మా వద్ద చదువుకునే ఒక విద్యార్థి రాత్రంతా తన పిక్కనే చూస్తూ కూర్చునేవాడు. వైద్యుడు పరీక్షించి ఏమీ లేదన్నాడు. మరునాడు మళ్ళీ అదిరింది, మళ్ళీ అనుమానం. భయం వల్ల నిద్ర పోయింది, నిద్ర లేక అదురు పెరిగింది, అదురు చూసి భయం పెరిగింది. అతనికి మేము ఫిఖ్హ్‌లో అతడు చదివిన పాఠాన్నే గుర్తుచేశాము. వుజూ ఉందని రూఢిగా తెలిసిన వ్యక్తికి, అది పోయిందేమోనన్న అనుమానం మాత్రమే కలిగితే, వుజూ ఉన్నట్లే లెక్క. నిశ్చయాన్ని అనుమానం తొలగించజాలదు. వైద్యుని పరీక్షతో తేలినది నిశ్చయం, ప్రతి కొత్త అదురూ కేవలం ఒక అనుమానం. ఈ పోలిక అతని మనసుకు ఎక్కింది. ఇలా భయపడేవారిని ఈమాన్ బలహీనమని నిందించడం తగదు. ఆందోళన కూడా ఒక బాధే, దానికీ చికిత్స ఉంది.

అయితే వుజూ భంగమైందని స్పష్టంగా తెలిసినప్పుడు మళ్ళీ చేసుకోవలసిందే కదా! ఇక్కడా అంతే. చేతిలోని వస్తువు జారిపోతున్నా, చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నా, నడకలో పాదం ఈడ్చుకుపోతున్నా, ఒక చోట కండ కరిగిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగడం కష్టమవుతున్నా ఆలస్యం చేయకుండా నరాల వైద్యుని కలవాలి. అదురుకన్నా బలహీనతే ముఖ్యమైన గుర్తు. కనురెప్ప అదురు వారాల తరబడి తగ్గకపోయినా, కన్ను దానంతటదే మూసుకుపోతున్నా, ముఖం ఒకవైపు లాగుతున్నా, రెప్ప వాలిపోయినా వైద్యునికి చూపించాలి.

ఇక శకునం సంగతి. అజ్ఞానకాలంలో అరబ్బులు పక్షి ఎటు ఎగిరిందో చూసి ప్రయాణం నిర్ణయించుకునేవారు. అపశకునానికి అరబీలో వాడే 'తియరా' అనే పదం కూడా పక్షి అనే మాటతో ముడిపడినదే. దైవప్రవక్త (స) ఆ నమ్మకాన్ని తుడిచివేశారు, జబ్బు చేస్తే చికిత్స చేయించుకోమని బోధించారు. పక్షి రెక్కకు లేని శక్తి కనురెప్పకు ఎక్కడిది? కన్ను అదిరిన రోజు సంబంధం మాట్లాడటానికి నిస్సంకోచంగా వెళ్ళండి. కాకపోతే ఆ రాత్రి ఇషా నమాజు కాగానే ఫోను పక్కన పెట్టి త్వరగా పడుకోండి. రెండు వారాలు చాయ్ తగ్గించి చూడండి. చాలామందికి ఇంతకుమించి మందు అవసరం పడదు, ఇన్షా అల్లాహ్.